పొడుగావిడ ఐదు నిమిషాలు

కూర్చో. తలుపు దగ్గరగా వెయ్యి, పక్కింటావిడ చెవి ఎప్పుడూ మన గోడకే ఉంటుంది. ఇది ఇంతవరకూ నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు, మీ తాతయ్యక్కూడా. పొడుగావిడ కూతురు ఎక్కడుందో దాని తండ్రికి చెప్పింది నేనే.

ఎవరా పొడుగావిడ అంటావేంటే, కుందేళ్ల షెడ్డులో నాకు పని నేర్పిందని చెప్పలా. బోన్లు కడగడం, గడ్డి వెయ్యడం, ఈనినవాటిని కనిపెట్టుకోవడం. మొదటిరోజు నుంచీ నాకు ఆవిడ మీద అనుమానమే. అటు తిరిగి అన్నం తినేది. రోజుకో దారిన ఇంటికెళ్లేది, ఓ రోజు మార్కెట్టు వైపు, ఓ రోజు రైలు పట్టాల వైపు. చూసినవాళ్లకి ఏమనిపిస్తుంది చెప్పు. నవ్వకు. ఎనిమిదేళ్ల కూతుర్ని మా అక్క ఇంట్లో పెట్టింది. తెల్లారకముందే వచ్చి, జడ వేసి, ఐదు నిమిషాల్లో వెళ్లిపోయేది. కోడి చూడు, పిల్లల్ని రెక్కల కిందే పెట్టుకుంటుంది. పిల్లి అయితే కూనల్ని నోట కరుచుకుని తిప్పుకుంటుంది. ఈవిడకేమో ఐదు నిమిషాలట. ఎవడో ఉన్నాడే అని అక్కతో అంటే, నీకెందుకే అంది. సరే, అక్క కూడా ఆవిడతో కుమ్మక్కయిందనుకున్నా.

ఆ రోజుల్లోనే ఓ కుందేలు ఈనింది. పొట్ట మీది బొచ్చు పీక్కుని పిల్లలకి పక్క వేసింది, అక్కడిదాకా బాగానే ఉంది, ఆ తర్వాత వాటి మొహం చూస్తే ఒట్టు. ఆ మూల కూర్చుని గడ్డి నములుతుంది. నేను పట్టుకెళ్లి పిల్లల మీద కూర్చోబెడతా, అది దూకేస్తుంది, మళ్లీ కూర్చోబెడతా. పొడుగావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వదిలెయ్యవే దాన్ని. రోజుకోసారి పాలిస్తుంది, అంతే. అస్తమానం దగ్గరుంటే దాని వాసన పట్టుకుని కుక్కలొస్తాయి." అబ్బో, కుందేలు పేరు చెప్పి తన తప్పు కప్పుకుంటోంది అనుకున్నా.

ఆ వారమే షెడ్డు గేటు దగ్గరికి ఓ మనిషొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కళ్లనిండా నీళ్లు. కూతుర్ని చూసి ఏడాదైంది చెల్లెమ్మా అన్నాడు. అందరినీ అనుమానించే నేను వాణ్ని మాత్రం నమ్మాను. వీధి చెప్పాను, తలుపు రంగు కూడా చెప్పాను. సాయంత్రానికి పిల్ల లేదు. మర్నాడు పొడుగావిడ జాకెట్టు చెయ్యి పైకి లాగి, కాల్చిన మచ్చలు మా అక్కకి చూపించింది. "వాడు నా వెనకాలే తిరుగుతున్నాడనే పిల్ల దగ్గర ఉండలేదమ్మా" అంది. నేను పక్కనే ఉన్నాను. ఎవరు చెప్పారో ఏమో అన్నాను. ఆవిడ రెండేళ్లు ఊరూరా వెతికి, జ్వరంతో పోయింది.

మొన్న మందుల షాపులో ఆ పిల్ల కనబడింది. పిల్లంటే, జుట్టు నెరిసిందిలే. అచ్చం ఆ పొడుగే. "మా అమ్మే నన్ను వద్దని నాన్నకి అప్పజెప్పేసిందటగా పిన్నీ" అంది, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా. నంబరు కూడా రాసిచ్చింది. అప్పుడూ నాకు అనుమానమే, అన్నీ తెలిసి నా నోట చెప్పించాలని చూస్తోందా అని. ఏం తెలీదు దానికి. ఇన్నేళ్లూ అదే నమ్మి బతికింది.

ఏంటలా చూస్తావు. ఆ కళ్లజోడివ్వు. ఫోను కూడా. నంబరు మెల్లిగా చదువు, నేనే నొక్కుతాను.