ఏడో నంబరు ముద్ర

యాభై ఏళ్లుగా నీటి పంపులు తయారుచేస్తున్న ఆ కంపెనీ హెడ్డాఫీసు వేరే రాష్ట్రానికి తరలిపోతోంది. ఫ్యాక్టరీ మాత్రం ఇక్కడే ఉంటుంది. పై అంతస్తు నుంచి పరీక్ష గదిలోకి దిగివచ్చిన కూతురు, పరీక్షలో నెగ్గిన పంపుల మీద ఏడో నంబరు ముద్ర కొట్టే తండ్రితో అంది:

“నాన్నా, పైన సామాను సర్దేవాళ్లు నీ ముద్ర అడుగుతున్నారు. కొత్త ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టి, కింద నీ పేరు రాస్తారట.”

“నా పేరెందుకు?”

“ఏడో నంబరు కొట్టిన పంపు ఒక్కటీ వెనక్కి రాలేదు కదా.”

“రెండొచ్చాయి. అదీ రాస్తారా?”

“నిన్ను పొగడటం కూడా కష్టమే.”

“ఆ రెండూ నేను చూసినవి. ఈ మూడేళ్లలో ఒక్కటీ రాలేదు. అవి ఎవరు చూశారు?”

“నేను వింటున్నాను, నువ్వు కొడుతున్నావు. ఇద్దరం కలిసే కదా.”

“పంపులో లోపాన్ని పట్టిచ్చే సన్నటి రొద నాకు వినబడటం మానేసి మూడేళ్లయిందమ్మడూ.”

ఆమె తలుపు వైపు చూసింది. “మెల్లగా. రిటైరయ్యే వారంలో ఆ మాట ఎవరి చెవినైనా పడితే నీ పరువేం కాను?”

“ఇందాకే డైరెక్టరుగారికి చెప్పేశాను. ముద్ర బీరువాకి ఇవ్వను, దాని మనిషి ఇంకా పనిలో ఉందన్నాను. ఏడో నంబరు నీ పేర రాయించాను. సర్దేవాళ్లకింకా తెలిసినట్టు లేదు.”

ఆయన ముద్రనూ సుత్తినీ ఆమె చేతిలో పెట్టాడు.

“ఊఁ, ఈ పంపుకి కొట్టు.”

“ఉండు నాన్నా. ఇంకా వినలేదు.”

ఆమె ఇనుప ఊచను పంపుకి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంది. తండ్రి ఆమెను తృప్తిగా చూసి, హెడ్డాఫీసు సామాను నింపుకుని బయట రొద పెడుతున్న లారీ ఇంజనును కాసేపు ఆపమని చెప్పడానికి వెళ్లాడు.