ఊ పాద్యచ్చ

యాంగన్, తాకేటా. సుధామణి కుట్టు దుకాణం. ఆంధ్ర సంఘం ఎన్నికకు ముందురోజు మధ్యాహ్నం. కరెంటు లేదు.

"గడప దాటొద్దు. సెప్పేదేటో అక్కడే నిలబడి సెప్పండి."

"ఎండలో నిలబెడతావేటి సుదామణీ? అరవై నాలుగేళ్ళోణ్ణి."

"నా కొడుకు ఏ దేశం ఎండలో ఉన్నాడో, తిన్నాడో లేదో. మీరు నా గుమ్మంలో కాసేపు నిలబడితే కరిగిపోరు."

"సరే, ఇక్కడే ఉంటాను. రేపటి సంగతి..."

"ఓటడగడానికొచ్చేరా? నన్ను? మొహానికి తోలు మందమే."

"నీ ఓటు నాకు పడదని తెలుసు. నేనొచ్చింది కాయితం కోసం."

"ఏ కాయితం?"

"సంతలో అందరికీ సెప్పేవంట కదా. రేపు హాలు తలుపుకి అంటిస్తానని."

"ఓహో. గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుముకున్నట్టు పరిగెత్తుకొచ్చేరు."

"అంటించకు, సుదా."

"ఎందుకంటించకూడదు? సంఘం ఉపాద్యచ్చుడు కూర్మనాదం మన కుర్రగుంటలు పదకొండు మంది పేర్లు రాసి వార్డు ఆపీసులో ఇచ్చీసినాడని తాకేటాలో కుక్కలకి కూడా తెలుసు. కుర్రోళ్ళని బలవంతంగా పటాలంలో సేర్చుకోడానికి పటాలమోళ్ళు ఆ పేర్లు పట్టుకునే ఇంటింటికీ వొచ్చేరు. ఇన్నాళ్ళూ అందరూ సెవులతో ఇన్నారు, రేపు కళ్ళతో సూస్తారు. అంతే."

"ఇదే నోటితో నన్ను..."

"పొగిడేను. అవును, పొగిడేను. ఆ మాయదారి జబ్బు ఏడు మీరు గాలి సిలిండరు బుజానెత్తుకుని వంతెన మీద నడిసొస్తా ఉంటే ఇదే గుమ్మంలోంచి దండం పెట్టేను. నేనొక్కదాన్నేటి, ఊరంతా పెట్టింది. దానికి ముందు మిమ్మల్ని సూస్తే నవ్వొచ్చీది. పందిరి కట్టాలన్నా మీరే, పులుసు కలపాలన్నా మీరే, పోటో తీసేటప్పుడు మాత్రం ఓ పక్కకి. ఎవరికీ అక్కర్లేని రెండో కుర్చీ."

"నవ్వినప్పుడే బాగుండీది."

"ఇప్పుడు ఉమ్ముతున్నారు. దానికి మీరే కారకులు."

"సరే."

"సరేనంటారేటి? పాతికేళ్ళకి పైగా రెండో కుర్చీలో కూకున్నారు. అద్యచ్చుడిగా నిలబడమని కాళ్ళట్టుకున్నా వొద్దన్నారు. ఊరంతా ఉమ్ముతున్నప్పుడు నిలబడతారా? సిగ్గు లేదేటి?"

"ఉంది."

"మరి ఎందుకు?"

"పనుంది."

"ఏటి పని?"

"ఉందిలే."

"నేను సెప్పనా? సంఘం బీరువా తాళం. ఇన్నాళ్ళూ అది అద్యచ్చుడు చిన్నబ్బాయిగారి మొలతాడుకి ఉండీది. ఆయన దిగిపోతున్నాడు, తాళం కొత్త అద్యచ్చుడికి వొస్తాది. ఆ బీరువాలో జాబితా అసలుది ఉంది, చేత్తో రాసింది. గెలిస్తే పైలు తీయించి అందరి ముందూ సదివిస్తానని మీ మీద నిలబడ్డ లింగరాజు మాటిచ్చేడు. అది సదవనీకుండా సెయ్యడానికే మీరు నిలబడ్డారు. కాదనండి."

"కాదనను."

"ఏటి?"

"కాదననంటున్నాను. ఆ పైలు కోసమే నిలబడ్డాను."

"ఇన్నారా అత్తా? ఒప్పుకున్నాడు. నోటితో ఒప్పుకున్నాడు."

"ఎవరమ్మా అది? కూర్మం గొంతులా ఉంది."

"ఊ పాద్యచ్చ గారు వేంచేసేరత్తా. మీరు మంచం దిగకండి."

"లోపలికి రమ్మను."

"మీ అక్క కొడుకు వరస కదా, మీరు రమ్మనండి. నేను రమ్మనను."

"వొద్దు పిన్నీ, ఇక్కడే బాగుంది. సుదా, నువ్వు కూడా ఆ పేరుతోనే పిలవాలా?"

"మీ పేరదే కదా. కాయితం మీద ఉన్నదీ అదే."

"అది నా పేరు కాదు. ఉపాద్యచ్చ అని బర్మా అచ్చరాల్లో రబ్బరు ముద్ర సెయ్యమంటే, చిమిండైంగ్ బజార్లో ముద్రలు సేసేవోడు 'ఉ' కాడ ఇంత ఖాళీ ఒగ్గీసినాడు. ఇక్కడ పెద్దోళ్ళ పేరు ముందు ఊ అంటారు కదా, మన గుంటలు దాన్ని ఊ పాద్యచ్చ అని సదివేరు. తెలుగు సదవడం రాని గుంటలకి ఈరోజుకీ నా పేరు పాద్యచ్చే. కూర్మనాదం ఎవరంటే తెల్లమొహం ఏస్తారు."

"పెళ్ళయి వొచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. అయితే ఏటి? ఆ ముద్రే కదా కాయితం మీద ఉన్నాది."

"ముద్ర కుర్చీది, సుదా. మనిషిది కాదు."

"కుర్చీ లేసెళ్ళి వార్డు ఆపీసులో కాయితమిచ్చి వొచ్చిందేటి? అదే కుర్చీలో మా ఆయనా కూకున్నాడు. చిన్నబ్బాయిగారు ఆస్పత్రిలో పడితే మీరు పెద్ద కుర్చీ ఎక్కి, నలబై రోజులు మీ కుర్చీలో మా ఆయన్ని కూకోబెట్టేరు. ఆ నలబై రోజుల్లో ఒక్కరి కొంప ముంచేడేటి?"

"సత్యం మాటెత్తకు."

"ఎత్తుతాను. మీ జాబితా నా కొడుకుని దేశం దాటించింది. ఆడు ఎల్లిన మూడు వారాలకి ఈయన గుండె ఆగిపోయింది. ఎవరి పాపం?"

"తెలుసు. పాడె మోసేను కదా."

"అప్పటికి ఈ కాయితం నాకు దొరకలేదు. దొరికుంటే ఆ పాడె మీద మీ చెయ్యి పడనిద్దునా?"

"ఆ మూడు వారాలూ సత్యం నీతో ఏటీ సెప్పలేదా?"

"ఏటి సెప్తాడు? తిండి మానీసినాడు. గోడకేసి తిరిగి పడుకునీవోడు. పిలిస్తే పలికీవోడు కాదు."

"ఏటీ సెప్పలేదన్నమాట."

"కొడుకు దూరమైపోయినోడికి మాటలేటొస్తాయి?"

"సరే, ఒగ్గేయ్. ఆ కాయితం నీకెవరిచ్చేరు?"

"వార్డు గుమస్తా పెళ్ళాం జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటాది. నా ఏడుపు సూడలేక నకలు తెచ్చిచ్చింది. ఆ బర్మావాళ్ళకున్న జాలి మీకు లేకపోయింది."

"నాకు మాత్రం కోపం లేదనుకున్నావేటి? నా మనవరాల్ని బళ్ళో 'పేర్లు రాసినోడి మనవరాలు' అని పిలుస్తున్నారు. పిల్ల బడి మానీసింది. నువ్వు సంతలో అందరి ముందూ నా మొహాన ఉమ్మినప్పుడు తుడుసుకుని వొచ్చీసేను. ఒక్క మాటన్నానా నిన్ను?"

"అనడానికి నోరుండాలి కదా."

"ఉంది. నోరుంది. అదే నీకు తెలీదు."

"అయితే ఇప్పుడు తెరవండి."

"కాయితం ఇచ్చీ, సుదా. రేపు గెలిస్తే ఆ పైలు కాల్చీసి ఎల్లుండే కుర్చీ దిగిపోతాను. సంచౌంగ్‌లో అమ్మాయి దగ్గరికి ఎలిపోతాను. ఈ చుట్టుపక్కల మళ్ళీ నీకు కనపడను."

"గెలుస్తారా? ఎవరేస్తారండీ ఓటు?"

"ఓడినా సరే, ఆ కాయితం మాత్రం అంటించకు. పదకొండు మంది తల్లులు. రేపు ఆళ్ళంతా కలిసి నీ..."

"నా?"

"ఏటీ లేదు."

"నా ఏటి? సెప్పండి. నా ఇంటి మీదకొస్తారంటారా? నన్ను బెదిరిస్తున్నారా?"

"బెదిరించడం కాదమ్మా."

"మరేటిది? అత్తా, ఇంటున్నారా? ఇంటికొచ్చి బెదిరిస్తున్నాడు. ఆగండి, ఎక్కడికి? మీకే సదివి వినిపిస్తాను. కళ్ళజోడు... ఆఁ. ఇదిగో. మొదటి పేరు, వాసు. తండ్రి సత్యప్రసాద్. ఇరవై రెండేళ్ళు. ఇంటి నంబరుతో సహా."

"సదవకు."

"రాసేటప్పుడు లేని నొప్పి ఇంటే వొచ్చిందా? ఒక్కదానికి సమాదానం సెప్పండి. అచ్చరాల వరసైతే 'వ' సివర్న రావాలి, తెలుగైనా బర్మా అయినా. ఇళ్ళ వరసైతే మాది ఏడో ఇల్లు. మరి నా కొడుకు పేరు అందరికంటే ముందెందుకొచ్చింది?"

"నాకేటి తెలుసు?"

"నాకు తెలుసు. కక్ష. సంఘం పండక్కి ఆడు మీలా పంచెగ్గట్టి నడిసి, 'నేను ఊ పాద్యచ్చ' అని అందర్నీ నవ్వించేడు. అది మనసులో పెట్టుకుని ఆడి పేరు నెత్తి మీద రాసేరు."

"ఆరోజు అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. కావాలంటే ఎవర్నైనా అడుగు."

"నవ్వుతానే రాసేవన్నమాట. నువ్వు మనిషివేనా?"

"సుదా."

"మీరుండండత్తా."

"సుదా, ఆ కాయితం మీద తారీకేటుందో సూడమ్మా."

"తారీకుతో పనేటత్తా? పేరుంది, సాలు."

"సూడమంటున్నాను."

"పిన్నీ, వొద్దు. నీకు మాటిచ్చేను."

"మాట ఇచ్చింది నువ్వు, పుచ్చుకున్నది నేను. ఏడాదిన్నర నోరు మూసుకున్నావు కదా, ఇంకొక్క నిమిషం మూసుకో. సదువమ్మా."

"పన్నెండు. జూన్ పన్నెండు. నిరుడు కాదు, దానికి ముందేడు. అయితే ఏటి?"

"ఆ జూన్‌లో చిన్నబ్బాయి ఎక్కడున్నాడు?"

"ఆస్పత్రిలో. మే నెలాకర్న పడ్డాడు కదా, జూలై దాకా అక్కడే."

"మరి పెద్ద కుర్చీలో ఎవరున్నారు?"

"ఈయనే. కూర్మనాదం బావగారు."

"చిన్న కుర్చీలో?"

"చిన్న కుర్చీలో... అత్తా, ఏటడుగుతున్నారు?"

"ఈడు వొచ్చినప్పట్నించీ నువ్వు సెప్తున్న మాటే అడుగుతున్నాను. నలబై రోజులు. ముద్ర ఎవరి దగ్గరుండీది?"

"మా ఆయన సొక్కా జేబులో. రోజూ ఉతకడానికి ముందు నేనే తీసి మిషను మీద పెట్టీదాన్ని. ఓసారి మరిసిపోతే బకెట్లో నీళ్ళన్నీ ఊదా రంగు అయిపోయాయి. నేను... ఆ నలబై రోజులూ నేనూ నవ్వేను. ఊ పాద్యచ్చ గారూ, అన్నానికి రండి అని."

"మడత పెట్టీ, సుదా. లోపల పెట్టీ కాయితం."

"మీరు మాటాడకండి. మీకు తెలుసు. మొదట్నించీ తెలుసు మీకు."

"తరవాత తెలిసింది. వాసు ఎల్లిన రాతిరి సత్యం వొచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. అప్పటికి బీరువా తాళం మళ్ళీ చిన్నబ్బాయిగారి దగ్గరకి పోయింది. ఆయన సొంత తమ్ముడికైనా తాళం ఇయ్యడు."

"తెలిసీ నన్ను తిట్టనిచ్చేరు. ఉమ్మనిచ్చేరు. రోజూ ఆయన పోటోకి దండేసి, మీకు శాపనార్తాలు పెట్టేను. ఒక్క మాట సెప్పుంటే..."

"నేనే ఒట్టేయించుకున్నాను కోడలా. పాడె లేవకముందే. నా కొడుకు పేరు మీద ఎవరూ ఉమ్మకూడదన్నాను. ఆ ఉమ్మంతా ఈడి మొహాన పడింది. నేను మంచం మీద పడుకుని అంతా ఇంటానే ఉన్నాను. నాదీ ఒక బతుకేనా?"

"ఇంక పడుకో పిన్నీ. అయిపోయింది కదా."

"అబద్దం. ఇద్దరూ కలిసి సెప్తున్నారు. కన్నకొడుకు పేరండీ అది. సొంత సేత్తో పటాలానికి రాసిస్తాడా? అదీ మొదటి పేరు. పదకొండు మందిలో మొదటి పేరు."

"పటాలానికని సత్యానికి ఎవరు సెప్పేరు సుదా? వయసొచ్చిన పిల్లలున్న ఇళ్ళకి బియ్యమిస్తాం, జాబితాలో ముందున్నోళ్ళకి ముందిస్తాం అని వార్డు ఆపీసోళ్ళు సెప్పేరు. ముందు తన కొడుకు పేరు రాయని తండ్రుంటాడేటమ్మా?"