బావ గురించి అడిగారు

ఉతికిన బట్టలు మడతపెడుతున్న అక్క ఎదుట తమ్ముడు కూర్చున్నాడు. ఆమె భర్త ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్. తమ్ముడు అదే జట్టుకు కెప్టెన్.

"మన జట్టు కమిటీవాళ్లు పిలిచారక్కా. బావ ఆ పనికి తగినవాడేనా అని అడిగారు."

"ఏమన్నావు?"

"ఆట గురించి బావకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదన్నాను."

"వాళ్లడిగింది అది కాదుగా."

"కాదు. హెడ్ కోచ్‌గా మాత్రం పనికిరాడన్నాను."

అక్క చేతిలో చొక్కా సగం మడతలోనే ఆగిపోయింది.

"మొన్న మ్యాచ్ ఓడిపోయినందుకా?"

"ఓడితే ఓడాం. మన డిఫెండర్ మోకాలు వాచిపోయినా ఆడతానని బతిమాలితే బావ సరేనన్నాడు. ఇప్పుడు వాడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు. ఎవరినైనా కాదనడం బావకి చేతకాదక్కా."

"ఇంట్లోనూ అంతే. ఆ మెత్తదనం చూసే పెళ్లిచేసుకున్నాను."

"కోపమొచ్చిందా?"

"రాకుండా ఎలా ఉంటుంది? నన్నడిగినా ఇదే చెప్పేదాన్ని, అది వేరే సంగతి. ఆయనకి చెప్పావా?"

"నోరు రావట్లేదు. నువ్వు చెబుతావేమోనని వచ్చాను."

"ఆయనకి కాదనడం చేతకాదన్నావు. మరి నీకు చెప్పడం చేతకాదా?"

బయట గేటు చప్పుడైంది. తమ్ముడు గబుక్కున లేచాడు.

"కూర్చో. ఊళ్లోవాళ్ల నోట వినేకంటే నీ నోట వింటేనే ఆయనకి నయం."

అతను కూర్చోలేదు. ఎదురెళ్లి తనే తలుపు తీశాడు.

"బావా, నీతో ఓ మాట చెప్పాలి."