పల్లెం మీది పసుపు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా సంచాలకులు డాక్టర్ మాధవీలత గారికి, ఆశీర్వదించడానికి వచ్చిన పెద్దలకు, మా ప్రయోగశాలను నమ్మి పని అప్పగించి, మా వల్ల నష్టపోయి కూడా ఈ రోజు నా పిలుపు మన్నించి వచ్చిన ప్రొఫెసర్ అనంతయ్య గారికి, నాతో పనిచేసిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా నమస్కారాలు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదని మీకు తెలుసు. ఇంట్లో పెద్దదాన్ని. మాట్లాడే పని చిన్నవాళ్ళు చూసుకున్నారు. (నవ్వులు) ఇదిగో, ముందు వరుసలో కూర్చున్న మా చెల్లెలు శ్రీలత పొద్దున్నే హెచ్చరించింది. "అక్కా, నువ్వు ఎప్పటిలెక్క నాలుగు ముక్కలు చెప్పి దిగితే మంచిగుండదు. జర ఓపిక తెచ్చుకొని మాట్లాడు" అంది. ఈ రోజు మాట్లాడతాను శ్రీలతా. తరవాత నువ్వే చాలంటావు.

పైన మోత పెడుతున్న ఆ విమానాన్ని పోనివ్వండి. (నవ్వులు) ఇన్నేళ్ళుగా మన ప్రతి సమావేశంలోనూ అదే మొదటి వక్త.

నా కళ్ళు మాటిమాటికీ ఆ తలుపు వైపు పోతున్నాయి. మీరు గమనిస్తూనే ఉన్నారు కాబట్టి దాచను. దండలు వేశారు, మంచి మాటలు చెప్పారు, అన్నీ విన్నాను, కానీ మనసు ఇక్కడ నిలవడం లేదు. ఈ సభ ముగిసి మీరు టీ తాగుతుండగా పక్క గదిలో కమిటీ కూర్చుంటుంది. మా జంగయ్యను పనిలో ఉంచాలా, పంపించాలా అన్నది అక్కడ తేలుతుంది.

మా బంధువుల కోసం ఒక మాట. మేము ఇక్కడ చేసేది ఒక రకంగా ఏరే పని. ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరతాం. ఇక్కడ రాళ్ళలో గింజ కోసం వెతుకుతాం. ఫలానా రోగానికి మందు కావాలని ఏదో ఒక కాలేజీ వాళ్ళు వస్తారు. మా దగ్గర వేల రకాల రసాయనాలు ఉంటాయి. చిన్న చిన్న గుంతలున్న ప్లేట్లలో రోగకణాలు పోసి, గుంతకొక రసాయనం చుక్క వేసి, యంత్రంలో పెడతాం. పనిచేసిన చుక్క ఉన్న గుంత మెరుస్తుంది. మనుషులు చేస్తే ఏళ్ళు పట్టే పనిని యంత్రం వారంలో ముగిస్తుంది. ఆ యంత్రాన్ని నడిపేది జంగయ్య. మంఖాల్ ఊళ్ళో సేద్యం చేసే ఇంటివాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. యంత్రం మొరాయిస్తే మేమంతా కంపెనీకి ఫోన్లు చేస్తాం, అతను మాత్రం దాని పక్కన నిలబడి "నడువు బిడ్డా, ఇంక రెండు ప్లేట్లే" అంటాడు. (నవ్వులు) ఒక్కోసారి నడిచేది కూడా.

నిరుడు దసరాకు ఎప్పటిలాగే ఆయుధపూజ చేశాం. యంత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. అందరం ఉన్నాం. ప్రసాదం అందరం తిన్నాం. మేము అవతలికి వెళ్ళాక జంగయ్య మూత తెరిచి, లోపల ప్లేటును మోసే పల్లెం ఉంటుంది కదా, దాని మూలకు కూడా ఇంత పసుపు రాశాడు. సంగతి బయటపడ్డాక ఎందుకు రాశావని అడిగితే, "బయటి డబ్బకు బొట్టు పెడ్తే ఏమొస్తది అక్కా, కష్టపడేది లోపలి పల్లెమే గద" అన్నాడు. రోజూ దీపం పెట్టే మనిషిని, ఆ మాటను నేను కాదనలేను.

కానీ పసుపుకు ఒక గుణం ఉంది. యంత్రంలో వేసే నీలి కాంతి పడితే మెరుస్తుంది. పండగ తరవాత నడిచినవి అనంతయ్య గారి ప్లేట్లు. ప్రతి ప్లేటు అడుగునా కొంచెం పసుపు అంటింది, ఆ మూల గుంతలన్నీ మెరిశాయి. కంప్యూటర్‌లో ప్లేటు బొమ్మ తెరిచి చూసి ఉంటే, అన్నీ ఒకే మూలలో ఉన్నాయేమిటని ఎవరికైనా అనుమానం వచ్చేది. మేము మెరిసిన రసాయనాల పేర్ల జాబితా మాత్రమే చూశాం. మందులు దొరికాయని సంబరపడ్డాం. మళ్ళీ పరీక్షించకుండానే జాబితా పంపించాం. ఆ తొందర జంగయ్యది కాదు. అనంతయ్య గారి విద్యార్థులు నెలల తరబడి ఆ రసాయనాల వెంట తిరిగారు. ఏదీ పనిచేయలేదు. తప్పు ఎక్కడుందో వాళ్ళకూ తెలియలేదు, మాకూ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం యంత్రం శుభ్రం చేస్తూ జంగయ్య నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, పల్లెం మూలకు ఇంకా పచ్చగున్నది."

"ఏంది పచ్చగ?"

"నేను రాసిన పసుపే. గా మెరిసినయి మందులు గావక్కా."

తుడిచేశావా అని అడిగాను. "తుడుస్తే ఎవ్వలికి తెల్వకపోవు. గా సదువుకునే పిల్లలు ఇంకెన్ని దినాలు తిర్గుతరు? నాకు బువ్వ పోతలేదు" అన్నాడు. "అయితే పోయి మాధవీలత మేడమ్‌తో చెప్పు" అన్నాను. వెళ్ళి చెప్పాడు.



అతను చేసింది తప్పే. పూజ అని నేను దాన్ని కడిగేయను. యంత్రం లోపల చేతులు పెట్టకూడదన్న నియమం అతనికి తెలుసు. అనంతయ్య గారూ, మీ కోపం న్యాయమైనదే. మీ పిల్లల కాలం మేము తిరిగి ఇవ్వలేం. మేడమ్, మీ మీద ఎంత ఒత్తిడి ఉందో నాకు తెలుసు.

ఒక్క సంగతి మాత్రం ఆలోచించమంటాను. ఈ ప్రయోగశాల యంత్రాల మీద నడవడం లేదు. యంత్రం ఉన్నది ఉన్నట్టే చూపించింది. పసుపు ఉంది, పసుపు మెరిసింది. అది మందు కాదని చెప్పడానికి ఒక మనిషి నోరు తెరవాల్సి వచ్చింది. నోరు తెరిచిన మనిషిని ఈ రోజు పంపించేస్తే, రేపు ఇంకొకరి చేతిలో ఇంకొకటి ఒలుకుతుంది. వాళ్ళ చేతిలో గుడ్డ ఉంటుంది. తుడిచేస్తారు. అప్పుడు బయటికి వెళ్ళే ఏ జాబితాను నమ్మమని చెప్పగలం?

నేను ఏ రోజూ మందు దొరకాలని దేవుణ్ణి అడగలేదు. నిజం కనిపించాలి, కనిపించినప్పుడు భయపడకుండా చూడగలగాలి అని మాత్రమే అడిగాను. ఇప్పుడూ అదే అడుగుతున్నాను.

జంగయ్య ఈ సభకు రాలేదు. అలిగి కాదు. అనంతయ్య గారి ప్లేట్లు మళ్ళీ మొదటి నుంచి నడుస్తున్నాయి, మధ్యలో వదిలి రాలేడు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని రోజున తన పని తాను చేస్తున్నాడు.

శ్రీలత చేయి ఊపుతోంది. ఇగ చాలట. (నవ్వులు)

నన్ను ఇన్నాళ్ళు భరించినందుకు, ఈ మాటలు కూడా ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నేను టీకి ఆగను, ఏమీ అనుకోకండి. కిందికి వెళ్ళి ఆ ప్లేట్ల దగ్గర కూర్చుంటాను, అవి నడపడం నాకూ వచ్చు. కమిటీ పిలిచినప్పుడు జంగయ్య నిశ్చింతగా పైకి రావచ్చు. మేడమ్, అతను లోపలికి వచ్చాక ముందు కుర్చీ వేయించండి. నా గదిలో ఆ రోజు నిలబడే చెప్పాడు. అనంతయ్య గారూ, అతన్ని మీరే అడగండి, ఎవరూ చూడనిదాన్ని ఎందుకు చెప్పావని. అతను చెప్పే జవాబు విన్నాక మీకు ఏది న్యాయమనిపిస్తే అది చేయండి. నేను మళ్ళీ అడగను.

సెలవు.