ఆకు వద్దన్న వెలుగు

నర్సరీ వెనక గదిలో టమాటా నారు ట్రేల మీద కొత్త బల్బులు వెలుగుతున్నాయి. గదంతా ఆకుపచ్చగా ఉంది. నారు మాత్రం సన్నగా సాగి, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలిపోయింది. కాలు బెణికి వారం రోజులు ఇంట్లోనే ఉండి, ఇవాళే ఇటు వచ్చిన అత్తగారు నడుం మీద చెయ్యేసుకుని ఎలక్ట్రీషియన్ అల్లుడి వైపు తిరిగింది.

“ఆకుపచ్చ బల్బులు పెట్టమని ఏ మహానుభావుడు చెప్పాడు?”

“నేనే పెట్టానత్తయ్యా. ఆకులు ఆ రంగులోనే ఉంటాయి కదా, వాటికి ఆ వెలుగే ఇష్టమేమోనని...”

“ఆహా, ఏం బుర్రండీ! ఎక్కువ వాడకండి, అరిగిపోతుంది. ఆకు ఎరుపు, నీలం వెలుగుల్ని బాగా తింటుంది. ఆకుపచ్చని అంతగా తినదు, మిగిలింది వెనక్కి నెట్టేస్తుంది. ఆ నెట్టేసిందే మన కంటికి కనబడేది.”

“అంటే, అది వద్దన్నదే దాని రంగా?”

“హమ్మయ్య, వెలిగింది! వారం నుంచీ వద్దన్నదే పెట్టి నారుని పస్తులుంచారు. కంచంలో పక్కకి నెట్టేసిన ముక్కల్ని చూసి, ఇతనికివంటే ప్రాణం అనుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?”

“ఉంటారత్తయ్యా. పెళ్ళైన కొత్తలో నేను కాకరకాయ ముక్కలు పక్కకి నెడితే, చివర్లో తిందామని దాచుకున్నాననుకున్నారు మీరు. ఆరేళ్ళుగా నేనొచ్చినప్పుడల్లా కాకరకాయే. మొహమాటానికి మింగుతున్నాను.”

అత్తగారి నడుం మీది చెయ్యి జారిపోయింది.

“ఇవాళేం వండారత్తయ్యా?”

“ముందా లైట్లు ఆర్పండి, నాయనా.”