పల్లవి ఎత్తు బంగారం

ఏందిరా సంజయ్, కిలోనా? కిలో బెల్లమా? ముందుగాల బెల్లమనకు, జాతర దినాల్ల బంగారమనాలె, గది గూడ నేనే చెప్పాల్నా. పోయిన జాతరకు రాహుల్‌ను గీ కాంటా మీద కూసోబెట్టి వాడు తూగినంత, కొడుకెత్తు బంగారం కొంటివి, ఇప్పుడు కిలో పట్టుకొని మేడారం పోతవా? ఆఁ, తెలుసు తీ. తల్లితోని పోయిన పోరడు ఫోన్ల "నువ్వు మా డాడివి గాదు, ఫోన్ చెయ్యకు" అన్నడట గదా, మీ అవ్వ చెప్పింది. అనిపిచ్చెటోళ్లు అనిపిస్తరు, తొమ్మిదేండ్ల పోరడు అంటడు. గంతల్నే నీకు కొడుకు లేకుండ పోయిండా? కూసో, ఆ బస్తా మీద కూసో.

ట్రాక్టర్ సురేందర్ యాదికున్నడా? వాడు సచ్చి పదిహేనేండ్లాయె, నువ్వప్పుడు హన్మకొండ హాస్టల్ల ఉంటివి. వానికి పెండ్లాంతోని పడలే. తప్పంతా ఆమెదే అనను, వీనిది గూడ నా అసొంటి నోరే. ఆమె నాలుగేండ్ల పల్లవిని చంకనేసుకొని నెల్లికుదురు పోయింది, తల్లిగారింటికి. వీడు నెలకోపారి బిస్కెట్ పుడ పట్టుకొని పోవుడు, వాళ్లు తలుపేసుకునుడు. ఒకనాడు బడి కాడికే పోయిండు. పిల్ల పంతులమ్మ ఎనుక దాక్కొని "గాయిన కొడ్తడు టీచర్, నన్ను పంపకుండ్రి" అన్నదట. రామ రామ! ఒక్క దెబ్బ కొట్టినోడు గాదురా. వచ్చి నువ్వు కూసున్న కాడనే పడి ఏడ్సిండు, గిరాకీ అంత ఎనుకకు మర్లిపోయింది.

అందరు చెప్పుడే. మా వాడకట్టు లచ్చవ్వ "ఇంకో పెండ్లి చేసుకో కొడుకా, ఇంకో పిల్ల పుడ్తది" అంటె, "పుడితే గది పల్లవి అయితదా?" అని ఎగిరిండు. ఇంతల జాతరొచ్చింది. బిడ్డెత్తు బంగారం మొక్కున్నది, బిడ్డ లేదు, ఎట్ల జోకుడు? నా మనుమరాలు కల్యాణిది పల్లవి ఈడే, గప్పుడు ఆరేండ్లు. "అక్క, జర కల్యాణిని కూసోబెట్టు" అన్నడు. ఇది దొడ్డుగున్నదిరా, నీ పిల్ల బక్కది అంటె, "పెరిగి ఉంటది తియ్యక్క" అన్నడు. జాతర రెండేండ్లకోపారి గదా, గట్ల ఎనిమిది జాతర్లు. మందిపిల్లను జోకి మొక్కు పెడ్తుండని ఊరంత నవ్వింది. నవ్వుండ్రి, మీ పండ్లు మీయి అనెటోడు. ఆఖరిపారి కల్యాణి పెండ్లయి, ఐదు నెలల కడుపుతోని ఉన్నది. అరే, ఇద్దరు తూగుతుండ్రు, దిగనీ అన్న. ఏమన్నడో ఎర్కేనా? "ఉండనియ్యక్క. నా బిడ్డకు గూడ కడుపుంటే? నాకెవరు చెప్తరు?" నాకు ఏం చెయ్యాల్నో తెల్వక వాణ్ణే నాలుగు తిట్టిన.

పల్లవి వచ్చిందా అంటవా? రాలే. వాడు సచ్చినంక గూడ రాలే. అయితేంది? "బిడ్డ నన్ను వద్దన్నది అక్క, నేను బిడ్డను వద్దన్ననా?" అనెటోడు. గా మాట మీదనే బతికిండు, సీసా ముట్టలే, ఎవని కాళ్లు పట్టుకోలే. నువ్వేమో ఒక్క ఫోన్‌కే కిలోకు దిగితివి. లే! అగో, రుక్కి బిడ్డ సైకిల్ తొక్కుతున్నది, దానికీ తొమ్మిదేండ్లే. ఆడిపిల్లయితేంది, కాంటాకు తెలుస్తదా? ఏంది, రాహుల్ గంత ఉండడా? ఉంటడు, పెరిగి ఉంటడు. పిలువురా దాన్ని!