మూలల్లో రెండింతల బోల్టులు

సభకు అధ్యక్షత వహిస్తున్న చీఫ్ ఇంజనీరు గారికి, వేదిక మీది పెద్దలకు, ముప్పై మూడేళ్లు నన్ను భరించిన సహోద్యోగులకు, మూడో వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా వారికి నమస్కారం. (నవ్వులు) కంగారు పడకండి, ఐదు నిమిషాల్లో ముగిస్తాను.

ఇందాక మాట్లాడినవారంతా నా డిజైన్లలో తప్పన్నదే ఉండదని ఆకాశానికెత్తేస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే, పోయిన నెల తుపానులో నాలుగు వందల మంది తలదాచుకున్న బడి ఉంది చూశారూ, దాని పైకప్పు పందొమ్మిదేళ్ల కిందట నేను గీసిందే, అందులో తప్పుంది.

తుపాను రోజు మధ్యాహ్నం, ఎలాగూ రిటైరవుతున్నాను కదా అని సొరుగులు సర్దుతుంటే ఆ పాత డ్రాయింగు చేతికొచ్చింది. పెనుగాలి కప్పును పైకి లాగుతుంది, అన్నిటికన్నా గట్టిగా మూలల్ని లాగుతుంది, అందుకని అక్కడ బోల్టులు రెండింతలుండాలి అని కొత్తగా చేరిన ప్రతివాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన నేనే, ఆ కాగితం మీద నడుమకీ మూలలకీ ఒకటే లెక్క వేశాను. అప్పటికే జనం బడిలోకి చేరారు, రోడ్లు మూసేశారు.

ముందు హెడ్మాస్టరుకి ఫోన్ చేసి అందర్నీ మూల గదుల్లోంచి నడిమి గదుల్లోకి మార్చమన్నాను. తర్వాత ఆ కప్పు బిగించిన ఫిట్టరు గారికి చేశాను.

"బాబాయ్, కొంప మునిగింది!"

ఆయన తాపీగా, "ఏం మునగలేదులెండమ్మా. మూలలకి నేను రెండింతలు బిగించాను. మర్చిపోయారా, మెమో కూడా ఇచ్చారుగా" అన్నారు.

ఇచ్చాను. డ్రాయింగులో లేని బోల్టులు వాడారని. అంతటితో ఊరుకున్నానా, 'బోల్టుల బాబాయ్' అని పేరు పెట్టి ఆఫీసంతా నవ్వించాను. ఈయన ఎందుకు వాడాడా అని ఒక్కసారి కాగితం విప్పి చూసిన పాపాన పోలేదు.

"అప్పుడే చెప్పొచ్చుగా బాబాయ్?" అన్నాను. "చెప్పబోయాను, మీరు విననిస్తేగా! టీ తాగేటప్పుడు మూలలు జాగ్రత్త అన్నది మీరేనమ్మా. కాగితం కన్నా మీ మాటే నమ్మాను" అన్నారు.

ఆ రాత్రి గాలికి ఒక్క రేకు లేవలేదు. మర్నాడు కబురు తెలిసి నా కుర్చీలో కూలబడి భోరున ఏడిస్తే, పాపం రిటైర్మెంటు దిగులనుకుని మీరంతా మంచినీళ్లు తెచ్చిచ్చారు. (నవ్వులు) దిగులేమిటి నాయనా, పోయిన ప్రాణం లేచొచ్చింది!

బాబాయ్, వెనక వరసలో నక్కి కూర్చుంటే కనబడరనుకున్నారా? ఆ మెమో వెనక్కి తీసుకుంటున్నానని చీఫ్ గారికి పొద్దునే రాసిచ్చాను. డ్రాయింగు మీద నా తప్పు ఎర్రసిరాతో దిద్ది, దిద్దినవారు అన్నచోట మీ పేరు రాసి తెచ్చాను. ఇదిగో కలం. మొహమాటపడకుండా రండి, మీరు సంతకం పెట్టేదాకా నేను వేదిక దిగను. (చప్పట్లు)

ఆయన నడిచి వచ్చేలోపు, ఇన్నేళ్లూ నా కోపాన్ని ఓర్చుకుని, మీ టీలను నాతో పంచుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు.

ఆఁ, అక్కడే బాబాయ్, నా పేరు పైన.

పెట్టేశారు. ఇక హాయిగా ఇంటికి పోతాను. సెలవు.